వాల్తేరు నీడల్లో ఒక పగలు: సాగరతీరపు పచ్చని పేటకు ఆలేరు వాసుల కోసం ఒక పరిచయం

ఆలేరు: చెరువు అలుగు పోస్తే పండుగ చేసుకునే మెట్ట ప్రాంతం మనది. సముద్రం చూడాలంటే రాత్రంతా రైలు ప్రయాణం చేయక తప్పదు. 1974లో ప్రారంభమైన గోదావరి ఎక్స్‌ప్రెస్ హైదరాబాద్‌ను విశాఖపట్నంతో కలుపుతూ ఆలేరు పట్టాల మీదుగానే సాగిపోతుంది. సింహాచలం దర్శనానికో, పిల్లల చదువులకో, ఉద్యోగ పరీక్షలకో ఈ ప్రాంతం నుంచి విశాఖ వెళ్ళే వారు బీచ్‌లో గంటసేపు గడిపి, జలాంతర్గామిని చూసి, కైలాసగిరి ఎక్కి తిరుగు రైలు అందుకోవడం పరిపాటి. ఇది ఎలా ఉంటుందంటే, కొలనుపాకకు వచ్చిన యాత్రికుడు జైన మందిరం చూసి, అదే ఊరిలోని సోమేశ్వరాలయం వైపు తొంగి చూడకుండా మరలిపోయినట్లు ఉంటుంది.

విశాఖలో సముద్రానికి ఆనుకొని, కాస్త ఎత్తున, చెట్ల నీడలో ఒదిగిన ప్రాంతం ఒకటుంది. దాని పేరు వాల్తేరు. నగరం ఎలా పెరిగిందో, ఎంత పోగొట్టుకున్నదో, దేనిని తిరిగి నిలుపుకొన్నదో తెలుసుకోవాలంటే ఈ పేట వీధుల్లో ఒక పగలు కాలినడకన తిరగడం కంటే మంచి మార్గం లేదు. అందుకు తోడ్పడే వివరాలను ఇక్కడ అందిస్తున్నాము.

ఎక్కడుంది ఈ వాల్తేరు?

విశాఖ పాత పట్టణం రేవుకు దగ్గరగా, పల్లంలో ఉంది. దానికి ఉత్తరాన, తీరం వెంబడి ఎర్రమట్టి నేల మెల్లగా ఎత్తు పెరుగుతుంది. ఆ ఎత్తయిన భాగమే వాల్తేరు. ఇందులో పెద వాల్తేరు, చిన వాల్తేరు అనే పాత గ్రామాలున్నాయి. సిరిపురం, కిర్లంపూడి లేఅవుట్, పాండురంగాపురం, లాసన్స్ బే కాలనీ వంటి పేటలు వాటి చుట్టూ ఏర్పడినవి. సిరిపురం పరిసరాలను నేటికీ వాల్తేరు అప్‌ల్యాండ్స్ అని వ్యవహరిస్తారు. ఎత్తు నేల అని దాని అర్థం. ఎర్ర చెలకల్లో పుట్టి పెరిగిన ఆలేరు వాసికి ఆ నేల రంగు కొత్తగా తోచదు. కొత్తగా తోచేది వీధి చివర కనిపించే నీలి సముద్రమే.

ఎత్తు నుంచి తీరానికి దిగే వాలు రోడ్లను స్థానికులు 'డౌన్' అంటారు. పాండురంగాపురం డౌన్ అని ఆటోవారికి చెబితే చాలు. ఈ డౌన్‌ల పైభాగాన నిలబడితే ఇరువైపులా చెట్లు, నడుమ రోడ్డు, ఎదుట సముద్రం కనిపిస్తాయి. వాల్తేరు రూపురేఖలన్నీ ఆ ఒక్క చూపులో బోధపడతాయి.

ఈ పేరు ఒకప్పుడు నగరమంతటికీ ప్రతినిధిగా నిలిచింది. విశాఖ రైల్వే స్టేషన్‌ను చాలాకాలం వాల్తేరు స్టేషన్ అనే పిలిచేవారు. పాత తరం వారు నేటికీ 'వాల్తేరు బండి' అనడం వినవచ్చు.

పేట పుట్టిన తీరు

ఆంగ్లేయుల కాలంలో కోట, కచేరీలు, గిడ్డంగులు పాత పట్టణంలో ఉండేవి. అక్కడి ఇరుకు, ఉక్కపోత భరించలేని అధికారులు, సైనికాధికారులు ఉత్తరాన గాలి ధారాళంగా వీచే ఎత్తు నేలకు మారారు. విశాలమైన ఆవరణలు, నడుమ బంగళాలు, చుట్టూ చెట్లు అనే పద్ధతి వారితో వచ్చింది. 19వ శతాబ్దిలోనే వెలసిన వాల్తేరు క్లబ్బు ఆ కాలపు జీవితానికి ఆనవాలు. తరువాత జమీందారులు, సంస్థానాధీశులు కూడా సముద్రపు గాలి కోసం ఇక్కడ భవనాలు నిర్మించుకున్నారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. వాల్తేరు పచ్చదనంలో అధికభాగం అడవి నుంచి మిగిలినది కాదు. మనుషులు నాటి, నీరు పోసి పెంచినది. ఒక తరం నాటిన మొక్క నీడలో తరువాతి తరం నడిచింది. ఆ నాటిన చేతుల్లో అతి పెద్దది ఒక విద్యాలయానిది.

విశ్వవిద్యాలయ ప్రాంగణం

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో ప్రారంభమై, 1930లో వాల్తేరుకు తరలివచ్చింది. తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. 1931 నుంచి 1936 వరకు ఆ పదవిని సర్వేపల్లి రాధాకృష్ణన్ నిర్వహించారు. తిరిగి రామలింగారెడ్డి బాధ్యతలు చేపట్టి 1949 వరకు కొనసాగారు. జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవ వర్మ భూరి విరాళాలతో ఈ విద్యాలయాన్ని ఆదుకున్నారు. ఇక్కడి సైన్సు కళాశాల ఆయన పేరుతోనే వెలసింది.

రాధాకృష్ణన్ కాలంలో హీరేంద్రనాథ్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ వంటి విద్వాంసులు ఇక్కడ బోధించారు. ప్రపంచ ఖ్యాతి గడించిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు (1920-2023) గణితంలో ఎం.ఎ. పట్టా పొందినది ఈ ప్రాంగణంలోనే. స్టేషన్ నుంచి సిరిపురం మీదుగా వచ్చే సందర్శకుడు దక్షిణ ప్రాంగణం వైపు నడిస్తే పాత రాతి భవనాలు, వాటి నడుమ చెట్ల వరుసలు కనిపిస్తాయి. ఇంజనీరింగ్ కళాశాల గల ఉత్తర ప్రాంగణం మద్దిలపాలెం వైపు ఉంది.

ప్రాంగణంలోకి వెళ్ళే వారు ద్వారం వద్ద అనుమతి అడిగి వెళ్ళడం మర్యాద. అది విహార స్థలం కాదు, విద్యాలయం. పరీక్షల రోజుల్లో బిగ్గరగా మాట్లాడడం, తరగతి గదుల ఎదుట ఫోటోలు దిగడం తగదు. ఉదయపు వేళ చెట్ల కింద పుస్తకాలు పట్టుకొని కూర్చున్న విద్యార్థులను చూస్తే, తొమ్మిది దశాబ్దాలుగా ఆ నీడ చేస్తున్న పని ఏమిటో తెలుస్తుంది.

చెట్టు పేరున్న అమ్మవారు

విశ్వవిద్యాలయానికి ఉత్తరాన పెద వాల్తేరులో గ్రామదేవత కరకచెట్టు పోలమాంబ వెలసి ఉంది. మన ఊళ్ళలో పోచమ్మ, మైసమ్మ గద్దెలు వేపచెట్టు కింద ఉన్నట్లే ఇక్కడ అమ్మవారి పేరులోనే కరకచెట్టు చేరింది. దగ్గుకు, కడుపు నొప్పికి పెద్దలు అరగదీసి ఇచ్చే కరక్కాయ కాసే చెట్టు అదే. నగరం ఎంత పెరిగినా ఆ ప్రాంతం లోపల ఒక పల్లె ఇంకా బ్రతికే ఉన్నదనడానికి ఈ గుడి సాక్ష్యం. జాతర రోజుల్లో పెద వాల్తేరు వీధులు అసలైన పల్లె రూపం ధరిస్తాయి.

అక్కడి నుంచి తీరం వైపు దిగితే పెద జాలారిపేట వస్తుంది. బంగళాల వాల్తేరు కంటే ముందునుంచీ సముద్రాన్ని నమ్ముకున్న మత్స్యకార కుటుంబాల పేట ఇది. వేకువన పడవలు ఒడ్డుకు చేరే వేళ చేపల బేరాలు జోరుగా సాగుతాయి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, తూర్పు తీరంలో మరపడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కావడమే అందుకు కారణం. ఆ రోజుల్లో వెళ్ళే వారికి తీరాన వలలు బాగుచేసుకునే దృశ్యమే ఎక్కువగా కనిపిస్తుంది.

బీచ్ రోడ్డు వెంట

వాల్తేరు తూర్పు అంచున బీచ్ రోడ్డు సాగుతుంది. రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉన్నందున ఈ తీరానికి రామకృష్ణ బీచ్ అనే పేరు వచ్చింది. వాడుకలో ఆర్కే బీచ్ అయింది. తెల్లవారుజామున కొన్ని గంటలు ఈ రోడ్డులో కొంత భాగంపై వాహనాలను నిలిపివేసి నడకకు వదులుతారు. సూర్యోదయం చూడదలచిన వారు ఆ వేళకే చేరుకోవాలి. మన వైపు సూర్యుడు గుట్టల వెనుక నుంచి వస్తాడు, ఇక్కడ నీటిలో నుంచి లేస్తాడు.

ఈ రోడ్డుపై చూడవలసినవి ఇవి.

విశాఖ మ్యూజియం: పాత బంగళాలో 1991లో ప్రారంభమైంది. ఉత్తరాంధ్ర చరిత్రకు చెందిన వస్తువులు, నౌకాదళ విశేషాలు ఇక్కడున్నాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబును ఇక్కడ చూడవచ్చు. ఆ దాడి తరువాతే విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలిపోయింది.

కుర్సుర జలాంతర్గామి: సోవియట్ యూనియన్‌లో నిర్మితమై 1969లో భారత నౌకాదళంలో చేరింది. 2001లో సేవల నుంచి విరమించింది. 2002లో ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. 90 మీటర్లకు పైగా పొడవున్న ఆ ఇనుప గొట్టంలో పదుల సంఖ్యలో నావికులు వారాల తరబడి ఎలా జీవించారో లోపల నడిస్తే గాని అర్థం కాదు. సాధారణంగా సోమవారం సెలవు.

టీయూ-142 విమాన ప్రదర్శనశాల: నౌకాదళం గస్తీకి వినియోగించిన ఈ భారీ విమానాన్ని 2017 డిసెంబరు నుంచి సందర్శకులకు తెరిచారు. జలాంతర్గామికి ఎదురుగానే ఉంది.

విక్టరీ ఎట్ సీ స్మారకం: 1971 నాటి యుద్ధంలో నౌకాదళం సాధించిన విజయానికి గుర్తుగా 1996లో నిర్మించారు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి సమీపంలోనే మునిగిపోయింది.

మరికొంత దూరం ఉత్తరానికి సాగితే, వుడా పార్కుగా పేరొంది నేడు వీఎంఆర్‌డీఏ పార్కు అయిన ఉద్యానం, ఆపై లాసన్స్ బే, తెన్నేటి పార్కు, పైన కైలాసగిరి వస్తాయి. పిల్లలతో వెళ్ళే వారికి సాయంత్రం పార్కు అనుకూలం. బండ్ల వద్ద దొరికే మురీ మిక్చర్ రుచి చూడవచ్చు. 'మురీ' అంటే మనం మరమరాలు అనేవే. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, మసాలా కలిపి అప్పటికప్పుడు చేసి ఇస్తారు.

కవి శ్రీశ్రీ (1910-1983), కథకుడు రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) ఈ నగరం బిడ్డలే. శ్రీశ్రీ ఇక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో కొంతకాలం పనిచేశారు. రావిశాస్త్రి ఇక్కడి న్యాయస్థానాల్లో న్యాయవాదిగా ఉంటూ అక్కడ చూసిన బడుగు జీవితాలను కథలుగా మలిచారు. తీరంలో నిలిచిన మహనీయుల విగ్రహాల వద్ద ఒక్క నిమిషం ఆగి పేర్లు చదివితే, ఈ నగరం తెలుగువారికి ఇచ్చినదేమిటో పిల్లలకు చెప్పవచ్చు.

ఒక్క పూటలో కూలిన పచ్చదనం

నేటి వాల్తేరును చూసే వారు తెలుసుకోవలసిన తేదీ 2014 అక్టోబరు 12. ఆ ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ పెను తుఫాను విశాఖ వద్దనే తీరం దాటింది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. సాధారణంగా తుఫాను అంటే పల్లపు డెల్టా గ్రామాలు గుర్తుకు వస్తాయి. ఈ తుఫాను మాత్రం ఒక మహానగరాన్ని నడిబొడ్డున తాకింది. విద్యుత్తు, తాగునీరు, ఫోన్లు స్తంభించాయి. విమానాశ్రయం దెబ్బతిన్నది. దశాబ్దాల వయసున్న చెట్లు వేళ్ళతో సహా కూలి రోడ్లను మూసివేశాయి. విశ్వవిద్యాలయ ప్రాంగణం తన పచ్చదనంలో అధికభాగం కోల్పోయింది. కంబాలకొండ అభయారణ్యం, జంతుప్రదర్శనశాల పరిసరాలు సైతం దెబ్బతిన్నాయి.

ఆ మరునాడు బయటకు వచ్చిన వాల్తేరు వాసులకు తమ వీధి తమకే కొత్తగా కనిపించింది. ఇళ్ళు అక్కడే ఉన్నాయి, నీడ లేదు. రోడ్డు మలుపులను చెట్లను బట్టి గుర్తుంచుకున్న వారు దారి తడబడ్డారు. తుఫాను తరువాతి రోజుల్లో ఎండ వేడిమి నేరుగా నేలను తాకినప్పుడు గాని, చెట్టు చేస్తున్న మేలు ఎంతటిదో నగరానికి పూర్తిగా తెలియలేదు.

చెట్లు కూలడానికి గాలి ఒక్కటే కారణం కాదు. త్వరగా పెరిగి నీడనిస్తాయని నాటే తురాయి, పచ్చ తురాయి, నిద్రగన్నేరు వంటి చెట్లకు గొడుగు పెద్దది, కొమ్మ పెళుసు, వేరు లోతు తక్కువ. పెనుగాలి ఆ గొడుగును పట్టి లాగినప్పుడు నేల నిలుపలేకపోతుంది. దానికి తోడు నగరాల్లో మొదలు చుట్టూ సిమెంటు పోయడం, కాలువలకు, కేబుళ్ళకు వేళ్ళు నరకడం మామూలైపోయింది. వేరుకు చోటు లేని చెట్టు చూడడానికి ఎంత ఎత్తున్నా నిలకడ లేనిదే. తాటి వంటి చెట్లకు గాలికి అడ్డుపడే గొడుగు చిన్నది, మాను బలమైనది. అందుకే తీరప్రాంతాల్లో తుఫానుల అనంతరం కూడా అవి నిలిచి కనిపిస్తాయి.

తరువాతి సంవత్సరాల్లో ప్రభుత్వ శాఖలు, విద్యాసంస్థలు, నౌకాదళం, స్వచ్ఛంద సంస్థలు విస్తారంగా మొక్కలు నాటాయి. నేడు వాల్తేరులో కనిపించే పచ్చదనంలో రెండు తరాలున్నాయి. బొద్దు మొదళ్ళతో, అక్కడక్కడ విరిగిన కొమ్మల గుర్తులతో నిలిచినవి తుఫానుకు ముందువి. వరుసగా, ఒకే ఎత్తున, సన్నని మానులతో ఉన్నవి తుఫాను తరువాతివి. ఈ తేడా గుర్తిస్తూ నడిచే సందర్శకుడికి ఆ వీధులే చరిత్ర చెబుతాయి.

మనకేమిటి పాఠం?

ఆలేరుకు సముద్రం లేదు, పెను తుఫాను గండమూ తక్కువే. అయినా ఏప్రిల్, మే నెలల్లో ఈదురు గాలులకు చెట్లు కూలి కరెంటు తీగలపై పడడం, రోడ్లు మూసుకుపోవడం మనకు తెలియని సంగతి కాదు. తెలంగాణలో 2015 జూలైలో హరితహారం ప్రారంభమైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్నది అప్పటి లక్ష్యం. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బ్రతికించే బాధ్యతను గ్రామ పంచాయతీలపై ఉంచింది. నాటిన లెక్క కంటే బ్రతికిన లెక్క ముఖ్యమని చట్టమే చెప్పినట్లయింది.

వాల్తేరు అనుభవం దీనికి మరొక లెక్కను జోడిస్తున్నది. బ్రతికిన మొక్క పాతికేళ్ళ తరువాత గాలికి నిలుస్తుందా అన్నదే ఆ లెక్క. త్వరగా పచ్చగా కనిపిస్తుందని రోడ్ల వెంట విరివిగా నాటిన కోనోకార్పస్‌ను తరువాత నాటవద్దని ప్రభుత్వమే ఆదేశించవలసి వచ్చింది. మన ఎర్ర నేలకు, తక్కువ వానకు అలవాటు పడిన వేప, చింత, కానుగ, రావి, మర్రి, ఇప్ప, తాటి మెల్లగా పెరుగుతాయి. కాని దీర్ఘకాలం నిలుస్తాయి. తీగల కింద పెద్ద వృక్షాలు నాటకపోవడం, మొదలు చుట్టూ మట్టిని వదలడం, బడి ఆవరణల్లో ఒకే జాతి కాక పలు జాతులు కలిపి నాటడం అనే మూడు పనులకు పెద్ద ఖర్చు లేదు. విశాఖ వంటి నగరం పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకున్న పాఠాన్ని మనం రైలు టికెట్టు ఖర్చుతో నేర్చుకోవచ్చు.

వెళ్ళే వారికి సూచనలు

ప్రయాణం: ఆలేరు వాసులు కాజీపేట లేదా సికింద్రాబాద్ చేరుకొని విశాఖ రైళ్ళు ఎక్కడం సులువు. రాత్రి ప్రయాణమైతే ఉదయానికి చేరవచ్చు. 2023 జనవరి నుంచి సికింద్రాబాద్, విశాఖపట్నం మధ్య వరంగల్ మీదుగా వందే భారత్ కూడా నడుస్తోంది. నల్గొండ, మిర్యాలగూడ వైపు వారికి గుంటూరు మార్గంలో వెళ్ళే రైళ్ళున్నాయి. పండుగ రోజుల్లో రిజర్వేషన్ ముందుగా చేయించుకోవాలి.

కాలం: నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం గనుక బయలుదేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోవాలి. వేసవిలో ఉష్ణోగ్రత మన కంటే తక్కువే అయినా గాలిలో తేమ వల్ల చెమట ఎక్కువ. తాగునీరు వెంట ఉంచుకోవాలి.

నడక క్రమం: వేకువన బీచ్ రోడ్డు, పెద జాలారిపేట చూసి, ఎండ ముదిరే లోపు పెద వాల్తేరు మీదుగా పైకి వస్తే విశ్వవిద్యాలయ పరిసరాలు నీడలో చూడవచ్చు. మధ్యాహ్నం సిరిపురంలో భోజనం, విశ్రాంతి. ఎండ తగ్గాక పాండురంగాపురం డౌన్ మీదుగా తీరానికి దిగి మ్యూజియం, జలాంతర్గామి చూసి, సాయంత్రం ఇసుకలో గడపవచ్చు. ప్రదర్శనశాలల వేళలు ముందే విచారించుకోవాలి.

జాగ్రత్త: ఇది అన్నింటికంటే ముఖ్యమైనది. ఆర్కే బీచ్ వద్ద సముద్రం చూడడానికి సాదాగా ఉన్నా లోపలి ప్రవాహాలు బలమైనవి. అడుగు కింది ఇసుకను అల లాగివేస్తుంది. చెరువులో, బావిలో ఈత నేర్చినవారు ఆ ధైర్యంతో లోతుకు వెళ్ళరాదు. విహారానికి వచ్చిన యువకులు ఇక్కడ మునిగి ప్రాణాలు కోల్పోయిన ఘటనలు అనేకం. హెచ్చరిక బోర్డులు ఉన్నచోట, పోలీసులు, గజ ఈతగాళ్ళు వద్దన్నచోట నీటిలోకి దిగకుండా ఒడ్డునే ఉండాలి. పిల్లల చేయి వదలరాదు.

తిరుగు రైలు రాత్రికి గనుక, పొద్దు గూకే ముందు మరొకసారి డౌన్ పైభాగానికి వెళ్ళి చూడవచ్చు. దీపాలు వెలిగే వేళకు పాత చెట్లపై గూళ్ళకు చేరే పక్షుల సందడి సముద్రపు హోరును మించి వినిపిస్తుంది. కొత్తగా నాటిన చెట్ల మీద ఆ సందడి ఇంకా తక్కువే. అవి కూడా ఆ వయసుకు చేరాలంటే మరికొన్ని దశాబ్దాలు పడుతుంది. నాటిన వారు అందుకు ఎదురుచూస్తున్నారు.